మొదటి నలభై సెకన్లు

డిసెంబర్ 18, గురువారం

ఇవాళ పోసాద, క్రిస్మస్ ముందు జట్టుగా వచ్చి పాటతో చోటడిగే పండగ, మా ఇంట్లో. దోరోను మీగ్రా వాళ్ళు, కాగితాల్లేని వలసవాళ్ళను పట్టుకునే పోలీసులు, తీసుకుపోయారు. తలుపు తెరిచే ఉంది.

కుండెడు పళ్ళ కషాయం పొయ్యి మీదే ఉండిపోయింది. పొద్దున పారబోయాలి.

డిసెంబర్ 19, శుక్రవారం

హక్కుల తరగతిలో నేర్పినట్టే రాసుకుంటున్నాను. జ్ఞాపకం చల్లారకముందే రాసిపెట్టుకోండి అని గుడి నేలమాళిగలో నెలనెలా అందరికీ చెప్పేది నేనే కదా.

చోటు: మా ఇల్లు, కింది వాటా, ముందు గది. టైము: సాయంత్రం ఆరు యాభై రెండు. వచ్చినవాళ్ళు నలుగురు. ఇద్దరి మొహాలకు గుడ్డలు. జాకెట్ల మీద పోలీసు అని ఉంది, ఏ పోలీసో లేదు. బండ్లు రెండు. నల్ల వ్యాను నంబరు వీడియోలో పడింది. బూడిద రంగు బండి నంబరు మీద మంచు పేరుకుని చివరి మూడంకెలే కనబడుతున్నాయి. వారంటు చూపించమని మూడుసార్లు అడిగాను. మూడోసారి ఒకడు కాగితం ఊపి జేబులో పెట్టుకున్నాడు. జడ్జి సంతకం నాకు కనబడలేదు.

తీసుకెళ్ళిన మనిషి: ఎలియోదోరో, అంటే మా దోరో, నలభై ఒక్క ఏళ్ళు. మాంసం ఫ్యాక్టరీలో కోత పని. తొమ్మిదేళ్ళుగా మా పై వాటాలో ఉంటున్నాడు. వాళ్ళ పాప యారెలికి నేను జ్ఞానతల్లిని. అందుకే అతను నాకు కొంపాద్రే, వాళ్ళావిడ బ్రిహిదా నాకు కొమాద్రే. ఈ దేశంలో ఉండటానికి కాగితాలున్నది నాకు, పాపకు. వాళ్ళిద్దరికీ లేవు.

నేను ఆరడుగుల దూరంలో నిలబడ్డాను. అడ్డుపడలేదు. చెయ్యి వణకలేదు. తేదీ చెప్పాను, టైము చెప్పాను, వీధి పేరు చెప్పాను. "కొంపాద్రే, ఏమీ మాట్లాడకు, దేనిమీదా సంతకం పెట్టకు" అని రెండుసార్లు అరిచాను. వీడియోలో నా గొంతు బాగానే వినిపిస్తోంది. అన్నీ సరిగ్గానే చేశాను.

చేతులు వెనక్కి పెట్టమన్నప్పుడు దోరో చేతిలో గిటారు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నా వైపు చూశాడు. ఒక చేత్తో వీడియో తీస్తూనే రెండో చేత్తో అందుకున్నాను.

వ్యాను కదిలేసరికి గుడి దగ్గర బయలుదేరిన జట్టు మా వీధి మలుపు తిరిగింది. ఈ ఏడాది భయంతో పదిహేను మందే వచ్చారు. కొవ్వొత్తులు, పాట. ముందు యారెలి మరియమ్మ వేషంలో, నేను కుట్టిన నీలం ముసుగుతో. పక్కన బ్రిహిదా. వ్యాను వాళ్ళను రాసుకుంటూనే వెళ్ళింది. వాళ్ళు పాట ఆపలేదు. తెలియదు కదా. అలాగే పాడుకుంటూ మా గుమ్మం దాకా వచ్చి, ఈ రాత్రికి చోటిమ్మని అడిగారు.

తలుపు తెరిచే ఉంది.

డిసెంబర్ 20, శనివారం

వీడియో లాయరు హాల్వర్సన్‌కు పంపాను. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. మొదటి నలభై సెకన్లు తీసేసి పంపాను. అందులో పనికొచ్చేది ఏమీ లేదు. సరిహద్దు అవతల మిచోకాన్‌లో ఉన్న అమ్మకు చూపిద్దామని తీసిన అలంకరణ, కాగితం నక్షత్రం, గోడ వారన దీపాలు. లాయర్లకు అంత తీరిక ఎక్కడిది.

అసలుది చెరిపేశాను. ఫోన్ దాన్ని చెత్తబుట్టలో వేసి, 30 రోజులు అని చూపించింది. ఆ తర్వాత దానంతట అదే పోతుందట. మంచిదే.

డిసెంబర్ 21, ఆదివారం

రెండు ప్యాంట్లు మడిచి కుట్టాను. ఒక కోటుకు జిప్పు వేశాను. అన్నం తిన్నాననే అనుకుంటున్నాను. ఫోన్‌లో 29.

డిసెంబర్ 22, సోమవారం

బ్రిహిదా పైనుంచి దిగి వచ్చింది. ఆ రోజు నుంచి తల్లీకూతుళ్ళు గడప దాటలేదు. నేను వెళ్ళి తట్టినా "ఎవరు" అని మూడుసార్లు అడిగితే గానీ తలుపు తీయడం లేదు. నేను నేర్పిన విద్యే.

"లాయరు ఫోన్ చేశాడు కొమాద్రే. ఆయన్ని ఎక్కడ పెట్టారో తెలిసిందట. మూడు గంటల ప్రయాణమట ఇక్కడికి. నువ్వు వీడియో తీయబట్టే ఇంత ఆధారమైనా దొరికిందన్నాడు. నీ రుణం ఎలా తీర్చుకోను చెప్పు?"

"ఊరుకో. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

తాగింది. కప్పు కింద పెట్టి తలుపు వైపు చూస్తూ కూర్చుంది. "అది సరే గానీ, ఎలా జొరబడ్డారు లోపలికి? గడియ ఇరగలేదు, అద్దం పగల్లేదు."

"తోసుకొచ్చారు."

"తోస్తే నువ్వు పడిపోవాలి కదా?"

"ఏంటి, నన్ను ప్రశ్నలేస్తున్నావా? నువ్వేమైనా జడ్జివా? తోసుకొచ్చారన్నాను కదా!" అని కసిరాను.

పాపం, మొహం చిన్నబోయింది. "అది కాదు కొమాద్రే, యారెలి అడుగుతోంది. నాకు ఏం చెప్పాలో తోచక" అంది. ఆ పిల్ల నీలం ముసుగు తీయనంటోందట. నిద్రలో కూడా దాంతోనే పడుకుంటోందట.

నాకు ఏడుపు రావడం లేదు. వస్తుందేమోనని ఉల్లిపాయలు తరిగాను. అవీ పనిచేయలేదు. 28.

డిసెంబర్ 24

పండగ. గుడికి వెళ్ళలేదు. పైన అడుగుల చప్పుడు వింటూ కూర్చున్నాను. చిన్నవి, పెద్దవి. పెద్దవంటే బ్రిహిదావే. 26.

డిసెంబర్ 27, శనివారం

హక్కుల తరగతికి పోయిన నెల పదిమంది వచ్చారు. ఇవాళ కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను లోపలికి వెళ్ళగానే చప్పట్లు కొట్టారు. ఆపండి అనడానికి నోరు రాలేదు.

హక్కులు అచ్చేసిన ఎర్ర చీటీలు పంచాను. ఎప్పుడూ చెప్పేవే చెప్పాను. తలుపు తీయొద్దు. ఎవరో, ఎందుకొచ్చారో తలుపు ఇవతల నుంచే అడగండి. జడ్జి సంతకం ఉన్న వారంటు ఉంటే కింది సందులోంచి తోయమనండి. నోరు మూసుకునే హక్కు మీకుంది. సంతకం పెట్టొద్దు. వీడియో తీసేవాళ్ళు దూరంగా నిలబడండి, చేతులు కనబడేలా పెట్టుకోండి, మీద పడొద్దు, తిట్టొద్దు. తేదీ, టైము, చోటు పైకి చెప్పండి. తీసింది ఊరంతా పంచకుండా ముందు వాళ్ళ ఇంటివాళ్ళకూ లాయరుకూ ఇవ్వండి.

ముందు వరసలో ప్లాసిదా ముసలమ్మ చెయ్యెత్తింది. ఆవిడ నోటికి జడిసి గుడి ఫాదరే పక్క గుమ్మం నుంచి వెళ్తాడు.

"అంతా బాగానే ఉంది గానీ పంతులమ్మా, తలుపు తీయొద్దు తీయొద్దని మా చెవులు చిల్లులు పొడుస్తావు కదా, మరి నీ ఇంట్లోకి ఎలా దూరారే వాళ్ళు? పొగగొట్టంలోంచి దిగారా?"

అందరూ నవ్వారు. నన్ను నవ్వించాలనే అంది ఆవిడ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను తీయలేదు" అనేశాను. తీశావని ఎవరూ అనలేదు.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, చివరి సూత్రం చెప్పడం మరిచిపోయాను. తీసినది తీసినట్టే దాచాలి, ఒక్క సెకను కూడా కత్తిరించకూడదు, కత్తిరిస్తే మొత్తం వీడియో మీదే అనుమానం వస్తుంది. పైసారి మరిచిపోకుండా చెప్పాలి. 23.

జనవరి 2

లాయరు పిలిస్తే వెళ్ళాను. నిలబడితే దూలానికి తగిలేంత పొడుగు మనిషి. మన భాష పుస్తకం చదివినట్టు, దొన్యా అని గౌరవంగా పిలుస్తూ మాట్లాడతాడు.

"దొన్యా ఒబ్దూలియా, మీ వీడియో మొదలయ్యేసరికే వాళ్ళు గది మధ్యలో ఉన్నారు. జడ్జి వారంటు లేదు. అది లేనప్పుడు ఇంటివాళ్ళు రమ్మంటేనే లోపలికి రావాలి. అంటే మన కేసు మొత్తం మీ గుమ్మం మీద నిలబడింది. గుమ్మం దగ్గర మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"వాళ్ళేమన్నారు?"

"గుర్తులేదు. తోసుకొచ్చారు."

"దీనికి ముందు ఏమైనా తీశారా?"

"లేదు."

ఆయన రాసుకున్నాడు. "ఇదే మాట ప్రమాణం చేసి రాసివ్వాలి. పదిహేనున రండి. పదహారున విచారణ. అది నెగ్గితే దోరో ఇంటికొచ్చే దారి ఉంటుంది. ఓడిపోతే దేశం దాటించి పంపించేస్తారు."

"రాసిస్తాను" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. వచ్చేటప్పుడు గుండీలు, తెల్లదారం కొన్నాను. 17.

జనవరి 6

ముగ్గురు రాజుల రోజు. ఉంగరంలా చుట్టిన తీపి రొట్టె కొని పైకి తీసుకెళ్ళాను. పాప కోసం. లోపల దాచిన బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున అందరికీ తమాలెలు, ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్దలు, చేసి పెట్టాలి. దోరో ఏటా ఆ బొమ్మను దాచబోయి దొరికిపోయేవాడు. ఒకసారి బూటులో దొరికింది.

యారెలి ముసుగుతోనే కూర్చుని మూడు ముక్కలు కోసింది. నాన్న ముక్క అని నాలుగోది కోసి పక్కన పెట్టింది.

బొమ్మ నాకే వచ్చింది. పళ్ళ కింద తగిలింది. ఎందుకో తెలియదు, చెప్పలేదు. బుగ్గన పెట్టుకున్నాను. బ్రిహిదా ఏదో అడుగుతుంటే ఊఁ ఊఁ అంటూ కూర్చున్నాను. మింగలేక కక్కలేక అంటారే, అచ్చం అదే. కిందికి వచ్చి సింకులో ఊశాను. వేలి గోరంత ప్లాస్టిక్కు పిల్లాడు.

"బొమ్మ లేదు, నాన్న ముక్కలో ఉంది" అని పాప ఆ ముక్కను ఎవరినీ ముట్టనివ్వలేదట. 13.

జనవరి 9

దోరో ఫోన్ చేశాడు. పది నిమిషాలే ఇస్తారు. అవతల ఎవరో వింటారని మొదట్లోనే ఒక గొంతు చెబుతుంది.

"ఏం కొమాద్రే, బతికే ఉన్నావా? నా గిటారు అమ్ముకోలేదు కదా?"

"ఎవడు కొంటాడు దాన్ని? పొయ్యిలోకి కూడా పనికిరాదు."

నవ్వాడు. దగ్గు వచ్చింది. లోపల చలట, దుప్పటి పలచనట. తిండి గురించి అడిగితే, "మా ఫ్యాక్టరీలో పందులకు ఇంతకన్నా మంచిది పెడతారు" అన్నాడు.

"కొమాద్రే, లాయరు నన్ను కూడా అడిగాడు, గుమ్మం దగ్గర ఏం జరిగిందని. నాకేమీ వినబడలేదని చెప్పాను. గిటారు శ్రుతి చేసుకుంటున్నాను కదా."

నేను ఊఁ అన్నాను.

"శ్రుతి చేసుకుంటున్నాను. అంతే. గుర్తుంది కదా నీకు?"

"గుర్తుంది" అన్నాను.

శ్రుతి ఎప్పుడో అయిపోయింది. అతను నా పక్కనే, నా భుజానికి భుజం తగిలేంత దగ్గరగా ఉన్నాడు. 10.

జనవరి 10

తలుపు తెరిచే ఉంది అని ఇంకోసారి రాద్దామనుకున్నాను.

జనవరి 12

లాయరు ఫోన్. "అవతలివాళ్ళ కాగితం వచ్చింది దొన్యా. ఇంటావిడే లోపలికి రమ్మంది అని రాశారు. మీరేమో అనలేదన్నారు. ఇక మీ మాట, వాళ్ళ మాట. మీరు ప్రమాణం చేస్తున్నారని దోరోకు కూడా చెప్పాను, ధైర్యంగా ఉంటాడని. అబద్ధమని తేలితే మీకు జైలు, మీ కాగితాలకూ చిక్కే. ఇది నేను చెప్పాల్సిన మాట, అందరికీ చెబుతాను. మీ గురించి నాకు అనుమానం లేదు."

"సరే" అన్నాను.

అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను. తోసుకొచ్చారు. తోసుకొచ్చారు. తోసుకొచ్చారు. ఏడోసారికి నాకే నిజమనిపించింది. 7.

జనవరి 14, బుధవారం

5 అని చూపించింది ఫోన్. చెత్తబుట్టలోంచి తీసి చూశాను. నెల రోజుల నుంచి రోజూ అంకె చూశాను గానీ దాన్ని తెరవలేదు. ఇవాళ తెరిచాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇది కూడా రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు, పొయ్యిలో పడేయడానికా.

మొదట నక్షత్రం. నా గొంతు: "చూడమ్మా, ఈసారి ఎర్ర కాగితం దొరకలేదు." దోరో గొంతు: "కొమాద్రే, నక్షత్రం వంకరగా ఉంది. కన్ను మందగించిందా, చెయ్యి మందగించిందా?" నేను: "నీ గిటారు కన్నా వంకర కాదులే." దోరో నవ్వు. పెద్దగా, గొంతు నిండా. ఫోన్ అతని వైపు తిప్పాను. కొత్త చొక్కా వేసుకున్నాడు.

అప్పుడు తలుపు మీద మూడు దెబ్బలు.

దోరో: "అప్పుడే వచ్చేశారా?"

బయట మగ గొంతు. పోసాద పాటలో మొదటి వరస అందుకున్నాడు. బాగానే పాడాడు. ఒక్కడే పాడాడు. నాకు అప్పుడు తట్టనే లేదు.

నేను: "ఎవరూ?"

బయట గొంతు, మన భాషలోనే: "యాత్రికులం దొన్యా. చోటివ్వండి. చలి చంపేస్తోంది."

దోరో: "మన వరస పాడాలి కదా, ఉండు, ఎత్తుకుంటా" అంటూ తీగ మీటాడు.

నేను: "పాట తర్వాత! బయట పిల్లలు గడ్డకట్టుకుపోతున్నారు." గడియ చప్పుడు. తలుపు చప్పుడు. నేను, నవ్వుతూ: "రండి, రండి, లోపలికి రండి!"

అక్కడికి నలభై సెకన్లు.

మా అమ్మ నేర్పిన పద్ధతి ప్రకారం లోపలివాళ్ళు మొదట పొమ్మనాలి. నువ్వెవరో నాకు తెలియదు, దొంగవేమో, తలుపు తీయను అని పాటలోనే అనాలి. బయటివాళ్ళు తామెవరో చెప్పాలి, మళ్ళీ పొమ్మనాలి, మళ్ళీ చెప్పాలి. వచ్చింది ఎవరో తెలిశాకే తలుపు తీయాలి. ఆ ఒక్క వరసా పాడి ఉంటే తర్వాతి వరస వాడికి వచ్చేదా? ముప్పై ఏళ్ళుగా పాడుతున్నాను. తరగతిలో ఎర్ర చీటీ పట్టుకుని చెప్పేదీ అదే. రెండూ నాకు తెలుసు. రెండూ చేయలేదు.

తలుపు తెరిచి లేదు. నేను తీశాను. రమ్మన్నాను. తర్వాత నేను రమ్మన్న ముక్కను కత్తిరించాను, వీధిలో నన్ను ఎవరూ వేలెత్తి చూపకుండా.

రేపు పొద్దున ఫోన్ లాయరు చేతిలో పెడతాను. నేను రమ్మన్నాను కాబట్టి కేసు పోతుంది. పోతే పోనీ. అబద్ధం మీద ప్రమాణం చేయలేను. చేయగలననుకున్నాను గానీ చేయలేను.

జనవరి 15

లాయరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన కోటు చేతి గుండీ ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"పాడిందెవరు?"

"వాళ్ళలో ఒకడు. నల్లటోపీ వాడు."

"పోలీసులమని చెప్పలేదా?"

"మీరు విన్నారు కదా. యాత్రికులమన్నాడు."

ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "దీన్నా మీరు కోసేసింది?" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. "దొన్యా, మీరు పిలిచింది పోలీసులను కాదు, పండగకొచ్చిన యాత్రికులను. ఫలానా అని అబద్ధం చెప్పి రమ్మనిపించుకుంటే, అది రమ్మన్నట్టు కాదని వాదించవచ్చు. తప్పకుండా గెలుస్తామని చెప్పను. కానీ మన చేతిలో ఉన్న ఆధారం అంటూ ఏదైనా ఉంటే ఇదొక్కటే. మీరు పంపిన నాలుగు నిమిషాల్లో ఏమీ లేదు."

"అయితే రేపు చూపించండి."

ఆయన నీళ్ళు తాగాడు. "నిన్న సాయంత్రం దోరో సంతకం పెట్టేశాడు. కేసు వద్దు, నేనే వెళ్ళిపోతానని. ఈ పొద్దునే నాకు తెలిసింది."

సంతకం పెట్టొద్దు అన్నది ఐదో సూత్రం. దోరో ప్రతి నెలా ముందు వరసలో కూర్చునేవాడు. నేను మరిచిపోతే అందించేవాడు.

"ఎందుకు పెట్టాడు?"

"చెప్పలేదు. నేను ఎంత అడిగినా ఒక్కటే మాట. మా కొమాద్రేతో ప్రమాణం చేయించకండి అన్నాడు."

నేను ఏమన్నానో రాయాలి కదా. "మీ గుండీ ఊడిపోతోంది, ఇవ్వండి, కుట్టి ఇస్తాను" అన్నాను. ఆయన కోటు విప్పి ఇచ్చాడు. పర్సులో సూది ఉంటుంది నాకు. అక్కడే కూర్చుని కుట్టాను. నాలుగు రంధ్రాలు, ఆరు పోగులు, ముడి.

జనవరి 16

సంతకం వెనక్కి తీసుకునేలా లాయరు ప్రయత్నించాడు. కొత్త ఆధారం దొరికిందని రాశాడు. మొన్ననే ఎందుకు ఇవ్వలేదని కోర్టువాళ్ళు అడిగారట. అప్పటికే బస్సు ఎక్కించేశారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం.

జనవరి 17

ఏమీ లేదు.

జనవరి 20, మంగళవారం

దోరో సరిహద్దు దాటి అవతలి గట్టుకు చేరాడు. బ్రిహిదాకు ఫోన్ చేశాడు, తర్వాత నాకు. చుట్టూ బస్సుల హారన్లు.

"కొమాద్రే, ఇక్కడ ఎండ! చొక్కా విప్పేశాను" అన్నాడు. సంతకం ఎందుకు పెట్టావని అడిగాను. "బుర్ర లేక. నువ్వెప్పుడూ అంటావు కదా" అన్నాడు.

"దోరో, నీకు వినబడింది. నేను రమ్మనడం."

బస్సు వెళ్ళేదాకా ఆగాడు. "నువ్వు కాకపోతే నేను తీసేవాణ్ణి. గిటారు చేతిలో ఉండబట్టి తీయలేదు" అన్నాడు.

అది అబద్ధం. మన వరస పాడాలి కదా అన్నాడు. అది వీడియోలో ఉంది. నా కోసం ఇంకో అబద్ధం.

"బ్రిహిదాకు చెప్పొద్దు. మీరిద్దరూ ఒకే కప్పు కింద బతకాలి" అన్నాడు. నేను మాటివ్వలేదు. ఫోన్ కార్డు అయిపోయింది.

జనవరి 24, శనివారం

తరగతి. చివరి సూత్రం చెప్పాను. ఎందుకో అడగండి అన్నాను. ఎవరూ అడగలేదు. ప్లాసిదా ముసలమ్మ మాత్రం నా మొహం చూసి నోరు మూసుకుంది. ఆవిడ జన్మలో మొదటిసారి. ముందు బ్రిహిదాకు చెప్పాలి. తర్వాత వీళ్ళకు.

ఫిబ్రవరి 2, సోమవారం

తెల్లారుజామున లేచి తమాలెలు చేశాను. మొక్కజొన్న పిండి పిసుకుతుంటే చేతులకు తెలివొచ్చింది, ఎన్నాళ్ళకో. ముప్పై చేశాను. యారెలి బడికి వెళ్ళాక పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళి తట్టాను.

"ఎవరు?"

"నేనే."

"ఎవరు?"

"ఒబ్దూలియాను. తమాలెలు తెచ్చాను."

తీసింది. "ఇదేంటి, బొమ్మ నీకా వచ్చింది? చెప్పలేదే!" అని నవ్వబోయింది. ప్లాస్టిక్కు పిల్లాణ్ణి పళ్ళెం పక్కన పెట్టాను.

"కొమాద్రే, కూర్చో. వాళ్ళు తోసుకురాలేదు. నేను తీశాను. నేను రమ్మన్నాను. వీడియోలో ఉంది. ఆ ముక్క కోసేసి మిగతాదే లాయరుకు ఇచ్చాను. మొత్తం ఇచ్చి ఉంటే కేసు నిలబడేదేమో. నేను అబద్ధపు ప్రమాణం చేయకూడదని దోరో సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. అంతా నా వల్లే."

అలాగే చెప్పాను, ఆగకుండా. అద్దం ముందు ఇది చెప్పుకోలేదు.

బ్రిహిదా చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చాను. మొత్తం చూసింది. నాలుగు నిమిషాల యాభై ఒక్క సెకన్లు. చివరికి వాళ్ళ జట్టు పాట వినబడింది, దూరంగా, వాళ్ళ గొంతులే. ఫోన్ బోర్లా పెట్టింది. కిటికీ వైపు తిరిగి నిలబడింది. తిడుతుందని చూశాను. కొడితే కొట్టించుకుందామనుకున్నాను. పళ్ళెంలోంచి ఆవిరి రావడం ఆగిపోయింది.

తర్వాత వచ్చి కూర్చుని మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. నక్షత్రం. వంకర. నవ్వు. అక్కడ ఆపింది. మళ్ళీ వెనక్కి. నవ్వు. మళ్ళీ.

"ఆయన నవ్వు నా దగ్గర ఎక్కడా లేదు. అన్నీ ఫోటోలే. ఈ మొదటి ముక్క నాకు పంపు. మిగతాది నాకొద్దు, చూడలేను. అది కోసేసి పంపు."

ఫోన్ తీసుకున్నాను. వేలు అదే చోటికి వెళ్ళింది. నలభైవ సెకను. అప్పుడు ముందుది తీసేశాను, ఇప్పుడు వెనకది తీసేయాలి. నాకు అప్పుడొచ్చింది ఏడుపు. నెలన్నర తర్వాత. కళ్ళకు ఏమీ కనబడక వేలు రెండుసార్లు తప్పింది. బ్రిహిదా ఓదార్చలేదు. కాగితం రుమాలు నా వైపు జరిపింది, అంతే.

"కొమాద్రే, నవ్వు తర్వాత నా గొంతు కూడా ఉంటుంది. రండి రండి అని. అది కూడా తీసేయనా?" అని అడిగాను.

బ్రిహిదా తమాలె ఒకటి తీసుకుని ఆకు విప్పింది.

"ఉండనీ" అంది.